ముక్కమ్మ మాట

గొడవ సబ్బు దగ్గర మొదలైంది. నిజానికి సబ్బు కూడా కాదు, సబ్బుకి చుట్టిన కాగితం దగ్గర.

పొద్దున్నే వారం రోజుల చెత్తబుట్ట బయట పెట్టబోతూ ముక్కమ్మ దాన్ని చూసింది. బుట్ట అడుగున నలిగిపోయిన కాగితం, దాని మీద గులాబీ పువ్వు బొమ్మ. ఎలకని తోక పట్టుకుని ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తి, చెయ్యి దూరంగా చాచి, వంటింట్లోకి నడిచింది.

"ఎవరు తెచ్చారిది?"

పొయ్యి ముందున్న కోడలు వెనక్కి తిరిగింది. ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఏ గిన్నె ఎక్కడుంటుందో తెలిసింది కానీ, ఏ మాటకి ఎంత బరువుందో ఇంకా తెలియలేదు.

"నేనే అత్తయ్యా. మన సబ్బు అయిపోయిందన్నాడు కొట్లో. ఇదీ తెల్లగానే ఉంది కదా అని..."

"తెల్లగా ఉంటే సరిపోతుందా? సున్నమూ తెల్లగానే ఉంటుంది, పాలల్లో కలుపుతావా? ఈ ఇంట్లోకి వాసన సబ్బు రాకూడదని పెళ్ళయిన మర్నాడే చెప్పానా లేదా? పౌడరొద్దన్నాను. సెంటొద్దన్నాను. తలనూనె కూడా చూసి కొనమన్నాను. ఇవాళ ఏం రోజో తెలుసా నీకు? ఫ్యాక్టరీలో హాపు పువ్వులు చూసే రోజు. చేతులకి గులాబీలు పూసుకుని వెళ్ళి అక్కడేం చూడను నేను?"

ముందుగదిలో కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. ముక్కమ్మ భర్త దర్జీ. మిషన్ ఎంత ఆడుతుందో నోరూ అంత ఆడుతుంది.

"సబ్బుకే ఇంత రభసా? ఆ పిల్ల సెంటుబుడ్డి తెచ్చుంటే పోలీసుల్ని పిలిచేదానివేమో!" అన్నాడు అక్కణ్ణుంచే.

కోడలు గరిటె పక్కన పెట్టింది. తప్పు ఒప్పుకుందామనే అంది ఆ మాట, ఎదురు చెప్పాలని కాదు. "మీరేమీ అనకపోతే పర్లేదేమో అనుకున్నాను అత్తయ్యా. అది పెట్టి వారం అయింది కదా. మీరు రోజూ దాంతోనే కడుక్కుంటున్నారు."

ముక్కమ్మ చేతిలోని కాగితం కిందికి దిగింది.

దర్జీ మెడలో కొలతల టేపుతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మొహంలో ఇంకా నవ్వుంది కానీ కళ్ళలో లేదు. "అందరికీ శకునం చెప్పే బల్లి తను వెళ్ళి కుడితిలో పడిందట. రోజుకోసారి ఏదో మాడుతోందంటావు, వెళ్ళి చూస్తే ఏదీ మాడదు. మొన్న నా ఇస్త్రీపెట్టె మీదకి చెంబెడు నీళ్ళతో వచ్చావు. ఇంటికి నాలుగిళ్ళ అవతలికి కొట్టే సబ్బు మాత్రం వారం రోజులు తెలియలేదా?"

"జలుబు," అంది ముక్కమ్మ. "జలుబు చేస్తే ఎవరికైనా అంతే."

"ఆ జలుబు వచ్చి పోయి రెండు నెలలైంది."

"పూర్తిగా పోలేదు. మీకేం తెలుసు? మీ ముక్కు కళ్ళజోడు పెట్టుకోడానికి తప్ప ఎందుకైనా పనికొచ్చిందా?"

ఆ మాటకి ఆయన నవ్వేసి వెళ్ళిపోయాడు. మిషన్ మళ్ళీ మొదలైంది. ముక్కమ్మ గిన్నెలు తోముకునే చోట కూర్చుని చేతులకి ఉప్పు రాసింది, బొగ్గు పొడి రాసింది. గోళ్ళ సందుల్లో, వేళ్ళ మధ్య, మోచేతి మడతలో చర్మం ఎర్రబడేదాకా తోమింది. కడుక్కుని అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. ఉప్పు లేదు, బొగ్గు లేదు, గులాబీ లేదు. గోడకి ముక్కు ఆనించినట్టుంది.

కాసేపు అలాగే కూర్చుని, తర్వాత కోడల్ని పిలిచింది. గొంతు తగ్గించి పిలిచింది.

"ఇలా రా. చూడు. పోయిందా?"

కోడలు ముందుకి వంగి, అత్తగారి రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుని వాసన చూసింది. ఆ ఇంట్లో ఇంకొకరి ముక్కుతో ముక్కమ్మ వాసన చూడటం అదే మొదటిసారి. అది ఇద్దరికీ తెలుసు. కోడలు తలెత్తడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది.

"పోయింది అత్తయ్యా."

"నిజంగా?"

"నిజంగానే."

చేతులు వెనక్కి తీసుకుంటే, అవి పూర్తిగా తనవి కావనిపించింది ముక్కమ్మకి.

బీరు ఫ్యాక్టరీకి నడకదారే. కాలవ గట్టు మీదుగా వెళ్ళి, బేకరీ పక్క సందులోంచి, ఇటుకల గోడ వెంట. ఈ దారిలో ఆమెకు కళ్ళతో పని ఉండేది కాదు. కాలవ నీచు వాసన, బేకరీలో అప్పుడే దించిన రొట్టె, సందు చివర చెప్పులు కుట్టే అతని దగ్గర జిగురు, తర్వాత గోడ అవతల నుంచి ఉడుకుతున్న బార్లీ తీపి. ఒక్కొక్కటీ ఒక్కో మైలురాయి. ఇప్పుడు బేకరీ వచ్చిందని బోర్డు చూస్తేనే తెలుస్తోంది. ఎవరో రాత్రికి రాత్రి ఊరంతా తుడిచి పెట్టేసినట్టుంది. ఒక్క వాసన మాత్రం మిగిల్చారు. వెంట్రుకలు కాలుతున్న వాసన. అది ఎప్పుడొస్తుందో తెలియదు. స్నానం చేస్తుంటే వస్తుంది, నిద్రలోంచి లేపుతుంది, మంచినీళ్ళు తాగుతుంటే గ్లాసులోంచి వస్తుంది. మొదట్లో పొయ్యి దగ్గరికి పరుగెత్తేది. ఇప్పుడు పరుగెత్తడం మానేసింది. అది తన తలలోంచే వస్తోందని తెలుసు. తలలో ఎక్కడ నుంచి, ఎందుకు అన్నది ఆలోచించదు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ఏదో ఒకటి అంటాడు. ఆ ఏదో ఒకటి వినాలని లేదు.

ఫ్యాక్టరీలో ఆమె మొదట సీసాలు కడిగేది. ఒకరోజు కడగడానికి వచ్చిన సీసాల పెట్టెలోంచి ఒకటి తీసి పక్కన పెట్టి, ఇందులో ఎవరో కిరసనాయిలు పోశారంది. పదిమంది వాసన చూశారు, ఎవరికీ తగల్లేదు. వేడినీళ్ళు పోసి చూస్తే అందరికీ తగిలింది. అప్పటినుంచి ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరు పోయి ముక్కమ్మ అనే పేరు వచ్చింది. సీసాల షెడ్డు నుంచి హాపుల గదికి మారింది. బీరుకి చేదూ సువాసనా ఇచ్చేది ఆ హాపు పువ్వే. తీగకి గుత్తులుగా పూస్తుంది, పచ్చగా, పొలుసు పొలుసుగా, వేలి చివరంత ఉంటుంది. కోతలయ్యాక రకరకాల తోటల నుంచి నమూనాలు వస్తాయి. వాటిని నలిపి, వాసన చూసి, వచ్చే ఏడంతా ఏ రకంతో బీరు కాయాలో చెప్పడం ఆమె పని. ఆమె కాదన్నది ఇంతవరకూ ఎవరూ కొనలేదు. ఆమె ఔనన్నది ఇంతవరకూ ఎవరూ తిప్పి పంపలేదు. కిటికీలు లేని ఇంటికి తలుపెలాగో ఆమెకు ఆ ముక్కు అలాగ.

హాపుల గదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. నేరుగా ఎండ పడదు, వెలుతురు మాత్రం ఉంటుంది. పొడుగాటి బల్ల మీద తెల్ల కాగితం పరిచి ఉంది. దాని మీద రెండే పొట్లాలు. ఏరగా ఏరగా చివరికి మిగిలిన రెండు రకాలు. ఒకటి లోయలో పండేది, ఫ్యాక్టరీ మొదటినుంచీ వాడుతున్నది. రెండోది కొండ మీద కొత్తగా వేసిన తోటలది. కొండ తోట యజమాని నమ్మకంతో లారీ సరుకు ముందే పంపేశాడు. బస్తాలు గోదాంలో దించారు. లారీ మాత్రం ఆవరణలో ఆగి ఉంది. వద్దంటే మధ్యాహ్నానికల్లా మళ్ళీ ఎక్కించుకుని పోవాలని ఏర్పాటు.

బీరు కాచే పనికి పెద్ద అయినాయన్ని అందరూ వంటసారు అంటారు. ముక్కమ్మ కంటే వయసులో చిన్నవాడు, లావుపాటి మనిషి, నవ్వినప్పుడు పొట్ట ముందు నవ్వుతుంది.

"రండి ముక్కమ్మగారూ. ఇవాళ మీరు జడ్జీ, నేను బంట్రోతు. ముద్దాయిలిద్దరూ సిద్ధం."

"మీకెప్పుడూ హాస్యమే సార్."

"హాస్యం కాదమ్మా, భయం. లోయ రకం వేస్తే మా తాతలు తాగిన బీరే వస్తుంది. ఎవరూ తిట్టరు, ఎవరూ పొగడరు. కొండ రకం వేస్తే ఏమొస్తుందో ఆ దేవుడికీ మీకూ తెలియాలి."

ఆమె రవిక చేతులు మోచేతుల పైదాకా మడుచుకుంది. మొదట లోయ రకం పొట్లం విప్పింది. కోసిన కేకు ముక్కలా చదరంగా అదిమి పెట్టిన పువ్వులు. ఒకటి తీసి మధ్య కాడ విరిచింది. టక్కుమని విరిగింది. బాగా ఆరిందన్న మాట. పొలుసులు విడదీసి లోపలి పసుపు పొడిని వెలుతురుకు పెట్టి చూసింది. తర్వాత గుప్పెడు తీసి అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. నెమ్మదిగా మొదలై, వేగం పెరిగి, అరచేతులు కాలేదాకా రుద్దాలి. ఆ వేడికే లోపలి నూనె బయటికి వస్తుంది. జిగురు చేతులకి పట్టుకుంది. చేతులు దోసిలిలా చేసి ముక్కు దగ్గరికి తెచ్చి కళ్ళు మూసుకుంది.

ఎన్ని ఏళ్ళుగానో తెలిసిన వాసన అది. వాన పడి ఆగిన గడ్డిమోపు. వెనకాల ఒక్క మిరియపు గింజ. చిట్టచివర, మనిషి వెళ్ళిపోయాక గదిలో మిగిలినట్టు, కొంచెం తేనె. మాటలన్నీ గుర్తున్నాయి. వాసనే లేదు. చచ్చిపోయినవాళ్ళ ఫొటో చూస్తూ గొంతు గుర్తు తెచ్చుకోబోతే రానట్టు ఉంది. ఆమె మూసిన రెప్పల అంచుల్లో నీళ్ళు తిరిగాయి. వంటసారు అది చూసి గౌరవంగా ఒకడుగు వెనక్కి వేశాడు.

పద్ధతి ప్రకారం మోచేతి మడతలో ముక్కు పెట్టుకుంది. ఒక వాసనకీ ఇంకో వాసనకీ మధ్య తన ఒంటి వాసన తను చూసుకోవాలి. అది ఎప్పుడూ ఉండేదే కాబట్టి ముక్కుకి విశ్రాంతి. అక్కడ గులాబీ ఉందో లేదో ఆమెకు తెలియదు. కోడలు చెప్పిన మాట తప్ప వేరే ఆధారం లేదు.

రెండో పొట్లం. కొండ రకం ఆకుపచ్చ చూడముచ్చటగా ఉంది. పసుపు పొడి దండిగా ఉంది. కాడ విరిచింది, అదీ టక్కుమంది. రుద్దింది. దోసిలి పట్టింది. కళ్ళు మూసుకోలేదు ఈసారి. దోసిలి అంచు మీంచి వంటసారు మొహాన్నే చూస్తోంది. ఆయన తన వంతు పువ్వుల్ని రుద్దుకుని వాసన చూశాడు. కనుబొమలు పైకి లేచాయి. మళ్ళీ చూశాడు. పెదవి కొంచెం విచ్చుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే, ఆమె కళ్ళు తెరిచి దొంగతనం చేసింది.

"నారింజ తొక్క," అంది ముక్కమ్మ. కొండ రకాల గురించి నాలుగేళ్ళుగా అందరూ అనే మాటే అది. "గిల్లిన నారింజ తొక్క. లోపల కొంచెం దేవదారు చెక్క."

"అదే! నాలుక చివర ఉంది, చెప్పలేకపోయాను." ఆయన ఇంకోసారి వాసన చూసి ఆగాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి. "కానీ ముక్కమ్మగారూ, అడుగున ఎక్కడో మగ్గిన గడ్డి వాసనలా తగిలింది నాకు. తడి సరుకు మూట కట్టినట్టు. మీకు తగల్లేదా?"

కిటికీ బయట లారీ డ్రైవరు బానెట్టు మీద కాళ్ళు చాపుకుని పళ్ళు కుట్టుకుంటున్నాడు.

ఇప్పుడు చెప్పొచ్చు. నాకేమీ తగలదు సార్, రెండు నెలలుగా నాకేమీ తగలట్లేదు అని చెప్పొచ్చు. ఆ మాట అయ్యాక ఈ గది ఉండదు. సీసాల షెడ్డు ఉంటుంది. లేదా ఇల్లు ఉంటుంది. ముక్కు లేని మనిషిని ముక్కమ్మ అని పిలవరు కదా. అసలు ఏమని పిలుస్తారు?

"లేదే," అంది.

వంటసారు మొహం ఒక్కసారిగా తేలికపడింది. "అయితే నా ముక్కే అన్నమాట. పొద్దున రెండు గుడ్లు ఎక్కువ తిన్నాను. మీరు లేదన్నాక ఇంక నాదేముంది, కొండ రకమే ఖాయం." కిటికీలోంచి చెయ్యి ఊపాడు. డ్రైవరు పళ్ళపుల్ల పారేసి లారీ ఎక్కాడు. ఖాళీ లారీ గేటు దాటి వెళ్ళేదాకా ముక్కమ్మ బల్ల అంచు పట్టుకునే ఉంది.

మధ్యాహ్నం ఆమె డబ్బా తీసుకుని గోదాం దగ్గరికి వెళ్ళింది. అక్కడ తినడం పాత అలవాటు. గోదాం బాబాయి ఆమెకు చుట్టం కాదు. సీసాలు కడిగే రోజుల్లో చేతులు పగిలి నెత్తురు కారుతుంటే మైనం తెచ్చిచ్చిన మనిషి. అప్పటినుంచి బాబాయి. సన్నగా, కొంచెం ముందుకి వంగి, ఎప్పుడూ ఏదో వెతుకుతున్నట్టు నడుస్తాడు. గోదాంలో వెలుతురు రానివ్వడు, గాలి రానివ్వడు. వెలుతురూ గాలీ తగిలితే హాపు చచ్చిపోతుందంటాడు. తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. లోపల మనిషి ఎత్తు గోనె బస్తాలు వరసగా నిలబడి ఉంటాయి. ఎవరో చెప్పే మాట కోసం ఊపిరి బిగబట్టి వింటున్నట్టుంటాయి.

ఇద్దరూ గుమ్మం దగ్గర చెక్క పీట మీద కూర్చున్నారు. ఇద్దరివీ స్టీలు డబ్బాలే.

"ఏం కూరమ్మాయ్?"

"బంగాళాదుంప. కోడలు చేసింది."

"వాసన బాగుంది. మా ఇంట్లో కూర వాసన వస్తే పక్కింట్లో కిటికీలు మూసుకుంటారు, నా వంట అలాంటిది." తన డబ్బాలోది కొంచెం ఆమె మూతలో పెట్టాడు, ఆమె కూర కొంచెం తన మూతలో వేయించుకున్నాడు. భార్య పోయాక తన వంట తనే చేసుకుంటున్నాడు. తిన్నంతసేపూ అటూ ఇటూ చూస్తూనే ఉన్నాడు. తినడం అయ్యాక మూతలు పెట్టేసి, చేతులు తుడుచుకుని, లేచాడు.

"ఒకసారి లోపలికి రామ్మా. నీతో పనుంది."

పొద్దున ఖాయమైన కొండ బస్తాల వరసలో మూడో దాని దగ్గర ఆగాడు. దాని కుట్టు సందులోంచి ఇనుప సలాక గుచ్చి ఉంది. కొత్త సరుకు వస్తే అదీ ఆయన పద్ధతి. సలాకని బస్తా నడిమధ్యకి దించి వదిలేస్తాడు. కొంతసేపయ్యాక లాగి చెంపకి ఆనించుకుంటాడు. సరిగా ఆరని హాపుని మూట కడితే లోలోపల వేడెక్కుతుంది. బయట చల్లగానే ఉంటుంది. నివురుగప్పిన నిప్పు అంటారే, అలాగ. సలాక చల్లగా వస్తే సరుకు మంచిది.

ఆయన సలాక లాగి చెంపకి పెట్టుకున్నాడు. కళ్ళు చిన్నవయ్యాయి. "పాలు తోడేసేంత వెచ్చగా ఉన్నట్టుంది. ఉందో లేదో తెలియట్లేదు. ముసలి చర్మం, దాన్ని నమ్మడానికి లేదు. నిన్న పొయ్యి మీది గిన్నె ఉత్త చేత్తో దించాను, తెలియనే లేదు." నవ్వబోయి మానేశాడు. "నువ్వొకసారి ముక్కు పెట్టి చూడు. నీ ముక్కుకి తెలియకుండా ఏదీ దాగదు."

ముక్కమ్మ సలాక గుచ్చిన చోట వంగింది. ఒక్క ఊపిరి పీల్చింది.

వెంట్రుకలు కాలుతున్న వాసన.

అదే. రోజూ వచ్చేదే. స్నానాల గదిలో వచ్చేదే, మంచినీళ్ళ గ్లాసులో వచ్చేదే. పొద్దున కాలవ గట్టు మీద కూడా వచ్చింది. అక్కడేం కాలింది, నీళ్ళా? ఇంకోసారి పీల్చింది. అదే వాసన. ఎక్కువగా ఉందా? ఏమో. ఎక్కువ తక్కువలు చెప్పగలిగే రోజులు పోయాయి. పైగా పొద్దున సరుకు బాగుందని ఔనన్నది తనే. లారీ వెళ్ళిపోయింది. ఇప్పుడు కాలిన వాసనంటే, మరి అప్పుడేమైంది నీ ముక్కు అంటారు.

బాబాయి ఆమె మొహంలోకి చూస్తున్నాడు. వైద్యుడి నోట మంచి మాట కోసం చూసేవాళ్ళు చూసినట్టు.

"ఏం లేదు బాబాయ్."

"లేదు కదా?"

"లేదు."

"అమ్మయ్య." ఆయన భుజాలు దిగాయి. సలాకని మళ్ళీ సందులోకి తోశాడు. "ఈ వయసులో నా చెంప నాకే అబద్ధాలు చెప్తోంది. అయినా సాయంత్రం ఇంకోసారి లాగి చూస్తాలే. మనసు ఊరుకోదు. ఊరికే అందర్నీ పిలిచి హడావుడి చేస్తే, ముక్కమ్మ బాగుందన్నాక కూడా ఈ ముసలాడికేంటి రోగం అంటారు."

సాయంత్రం గంట కొట్టాక ఆమె గోదాం ముందు నుంచే వెళ్ళింది. తలుపు మూసి ఉంది. లోపల దగ్గు వినబడింది. పిలుద్దామని ఒక క్షణం ఆగింది. పిలిచి ఏమంటుంది? బాబాయ్, నాకు రోజూ కాలిన వాసన వస్తుంది, ఇవాళా వచ్చింది, అది నాదో బస్తాదో నాకు తెలియదు అంటుందా? సంచీ భుజం మార్చుకుని గేటు దాటింది. దారిలో బేకరీ బోర్డు చూసి, బేకరీ వచ్చిందనుకుంది.

కొడుక్కి ఆ వారం రాత్రి డ్యూటీ. భోజనానికి ముగ్గురే కూర్చున్నారు. కోడలు వడ్డించడానికి ముందు డబ్బాలు కడిగి బోర్లిస్తూ, "అత్తయ్యా, ఈ మూత మనది కాదు," అంది. "ఎంత నొక్కినా పట్టట్లేదు. మనదానికి ఇలా అంచు సొట్ట లేదు."

"బాబాయిది వచ్చేసి ఉంటుంది. తింటూ మార్చేసుకున్నాం. అలా పెట్టు, రేపిచ్చేస్తాను."

దర్జీ ముద్ద కలుపుకుంటూ అడిగాడు. "ఇంతకీ ఏది గెలిచింది, లోయా కొండా?"

"కొండ."

"కొండనే ఎత్తావన్నమాట. జలుబుతోనే!"

ముక్కమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఏదైనా మాడుతోందా?" అంది.

మామా కోడళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కోడలు లేచి వెళ్ళి పొయ్యి చూసి వచ్చింది. "లేదత్తయ్యా. కట్టేసే ఉంది," అంది మెల్లగా.

అప్పుడే దర్జీ ఫోను మోగింది. ఎడంచేత్తో ఎత్తాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉండే అతను ఈయన దగ్గరే బట్టలు కుట్టించుకుంటాడు. మొదట ఈయన "ఏంటి, ప్యాంటు బిగుతైందా?" అన్నాడు. తర్వాత ముద్ద వదిలేశాడు. "ఎప్పుడు?" అన్నాడు. "ఒక్కడేనా?" అన్నాడు. ఫోను పెట్టేసి, కంచంలో చెయ్యి అలాగే ఉంచి, భార్య వైపు చూడకుండా చెప్పాడు.

గోదాంలో ఒక బస్తా లోపల్నుంచి కమిలిందట. మంట లేదు, పొగే. తలుపు సందులోంచి పొగ వస్తుంటే కాపలా అతను చూసి తలుపు తీశాడట. బాబాయి పీట మీద కూర్చుని బస్తాకి తల ఆనించి ఉన్నాడట, కునుకు పట్టినట్టు. బస్తా కుట్టు సగం విప్పి ఉందట. ఎవరినీ పిలవలేదట. తనే విప్పి చూద్దామనుకున్నట్టున్నాడు. మిగతా బస్తాలకి అంటుకోకుండా నీళ్ళు కొట్టారట. ఆయన్ని మాత్రం లేపలేకపోయారు.

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముక్కమ్మ ఏడవలేదు. కంచం వైపే చూస్తోంది.

"నన్నడిగాడు," అంది. "మధ్యాహ్నం నన్ను పిలిచి వాసన చూడమన్నాడు. నాకు కాలిన వాసన వచ్చింది. లేదన్నాను."

దర్జీ ఎప్పుడూ లేనంత మెత్తగా మాట్లాడాడు. "నీకు రోజూ వచ్చే వాసనేగా అది. నీ తప్పేముంది?"

"రోజూ వచ్చేదని ఆయనకి తెలియదుగా. పొద్దున సారు మగ్గిన వాసనేదో తగిలిందన్నాడు. ఆయనకీ లేదన్నాను. రెండు నెలలుగా నాకేదీ తెలియట్లేదు."

"సరే. విను." ఆయన ముందుకి వంగాడు. గది తలుపు మూసి ఉందో లేదో ఒకసారి చూసుకున్నాడు. "గోదాంలో నువ్వన్న మాట విన్నవాడు ఆయనొక్కడే. ఇప్పుడు ఆయన లేడు. తడి సరుకు పంపింది తోటవాడు. కొందామన్నది సారు. నువ్వు నోరు విప్పకపోతే నీ పేరు ఎక్కడా రాదు. నాలుగు రోజులు పోయాక, ఒంట్లో బాలేదని మెల్లగా మానేద్దువుగాని. డాక్టరుకీ చూపిద్దాం. ఇప్పుడెందుకు కెలుక్కోవడం?"

మంచి మాటే. పెళ్ళయినప్పటినుంచి ఆయన చెప్పిన మాటల్లో అంత ప్రేమతో చెప్పింది ఇంకోటి లేదు. అందుకే ఆమెకు భయమేసింది. పొద్దున వంటసారు మొహం తేలికపడింది. మధ్యాహ్నం బాబాయి భుజాలు దిగాయి. ఇప్పుడు తన భుజాలూ దిగబోతున్నాయి. ఎవరో ఒకరు లేదంటే చాలు, మనిషి ఎంత హాయిగా ఊపిరి తీసుకుంటాడు!

"నేను ఉందనుంటే ఆయన పదిమందిని పిలిచేవాడు," అంది. "నా మాట పోకూడదని ఒక్కడే విప్పుకున్నాడు."

"అయితే ఏం చేస్తానంటావు?"

ముక్కమ్మ చెయ్యి కడుక్కుంది. కంచంలోనే కడుక్కుంది, అన్నం సగం అలాగే ఉండగా. ఆ ఇంట్లో ఎవరైనా అలా చేస్తే ఊరుకోని మనిషి.

"పొద్దున్నే వెళ్తాను. ఆయన్ని తీసుకెళ్ళేలోపే వెళ్తాను. నాకు ముక్కు పోయిందని అందరి ముందూ చెప్తాను. కాలిన వాసన వచ్చినా లేదన్నానని చెప్తాను. ఇంక ఆ గదిలోకి వెళ్ళను. నా మాట మీద ఇంకెవరూ దేన్నీ ఔననడానికి లేదు."

కోడలు లేచి వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. "నేనూ వస్తాను అత్తయ్యా," అంది. "పొద్దున మీ చేతులకి ఇంకా వాసనుంది. పోయిందన్నాను నేను కూడా."

ముక్కమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. తర్వాత మెల్లగా తల ఊపింది.

కంచాలు ఎవరూ తియ్యలేదు. గట్టు మీద వాళ్ళ డబ్బా మూత లేకుండా నోరు తెరుచుకుని ఉంది. దాని పక్కన, అంచు సొట్టపోయిన ఆ పరాయి మూత తడి ఇంకా ఆరకుండా వెల్లకిలా పడి ఉంది.